గాదెను తిట్టకండి, పంటను చూడండి



పోయిన సంచికలో కుట్టుమిషను గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మాత్రం కుట్టుమిషను సంగతి కాదు. కోయంబత్తూరు నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "మా మామగారు వాడిన ప్రీమియర్ పద్మిని కారు మా ఇంట్లో ఉంది. ఆల్టర్నేటరు ఉన్న బండి. కొన్నాళ్ళుగా దానికి చార్జింగు సరిగా లేదు. ఒక మెకానిక్కు బ్యాటరీ మార్చమన్నాడు. మార్చాము. ఆరు నెలలకు మళ్ళీ అదే కథ. ఇంకొకాయన ఆల్టర్నేటరు మార్చమంటున్నాడు. మా వారు కారునే మార్చేద్దామంటున్నారు. మామగారి గుర్తుగా ఉన్నది అదొక్కటే. మీరేమంటారు?"

అమ్మా, మీరు దేన్నీ మార్చకముందు ఈ సంచిక చదవండి. మీ ఉత్తరం చూడగానే నాకు మా చిన్నాయన అంబాసిడరు గుర్తుకు వచ్చింది. ఆ బండి పాత ఇనుములోకి పోవడానికి మూడు రోజులు ఉందనగా బతికింది. ఎలా బతికిందో చెబితే మీ ప్రశ్నకు జవాబు దానిలోనే దొరుకుతుంది.

ఐప్పసి వానలో ఒక రాత్రి

నాగలాపురం అనగానే ఆంధ్రలో ఉన్నవాళ్ళకు వేదనారాయణస్వామి గుడి ఉన్న ఊరు గుర్తొస్తుంది. అది ఒకప్పుడు చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. మాది ఆ నాగలాపురం కాదు. మాది తూత్తుక్కుడి జిల్లా, విళాత్తికుళం తాలూకాలోని నాగలాపురం. నల్లరేగడి నేల. తమిళంలో కరిసల్ అంటారు. ఎండాకాలంలో పొడిపొడిగా లేచి ముక్కుల్లోకి పోతుంది. ఐప్పసి నెలలో వాన పడితే చెప్పు ఊడదీసుకునేంత బంకగా మారుతుంది. మిరప, పత్తి, కంబు పండే నేల. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు ఇంటిమాటగా ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పెద్ద పని ఏదైనా పడితే కోవిల్‌పట్టికో, విరుదునగరుకో పోవాలి.

మా తాత 1972లో ఒక అంబాసిడరు కొన్నాడు. ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా పెళ్ళికొడుకు దాంట్లోనే వచ్చేవాడు. ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా దాంట్లోనే ఆస్పత్రికి పోయేవారు. తాత తరువాత బండి మా చిన్నాయనకు వచ్చింది.

కొన్నేళ్ళ కింద దీపావళికి ముందు ఒక రాత్రి ఆయన కోడలికి నొప్పులు మొదలయ్యాయి. వాన. చిన్నాయన, చిన్నమ్మ ఆమెను బండిలో పడుకోబెట్టుకుని కోవిల్‌పట్టికి బయలుదేరారు. కొంతదూరం పోయేసరికి హెడ్‌లైట్లు పసుపు తిరిగాయి. వైపరు మెల్లమెల్లగా ఊగి, అద్దం మధ్యలో నిలిచిపోయింది. ఎట్టయపురం దగ్గరికి వచ్చేసరికి ఇంజను తడబడి ఆగిపోయింది. చిన్నాయన తాళం తిప్పితే టక్కుమనే చప్పుడు తప్ప సెల్ఫ్ తిరగలేదు. చీకట్లో, వానలో, నొప్పులు పడుతున్న పిల్లతో రోడ్డు మీద నిలబడ్డారు. ఎవరో పుణ్యాత్ముడు చిన్న లారీ ఆపి, ముందు సీటులో కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి చేర్చాడు. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

కాని చిన్నమ్మ ఆ రాత్రిని మరిచిపోలేదు. "ఈ బండిని నమ్మి ఇంకొకరిని ఎక్కించేది లేదు" అని తేల్చేసింది. చిన్నాయన కూడా విసిగిపోయి ఉన్నాడు. రెండేళ్ళలో మూడు బ్యాటరీలు మార్చాడు. పాత ఇనుము కొనేవాడితో మాట్లాడాడు. దీపావళికి నేను ఊరికి పోయినప్పుడు వరండాలో కూర్చుని ఉన్నాడు.

"వచ్చినావా? ఇదిగో, శుక్రవారం వాడు లారీ తెస్తానన్నాడు. పోయే ముందు ఒకసారి చూసుకోరా. మీ తాత బండి."

నేను బస్సుల వర్క్‌షాపులో ఎలక్ట్రీషియనుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చూడమంటే చేతులు కట్టుకుని చూడడం నాకు రాదు. "శుక్రవారం దాకా టైముంది కదా చిన్నాయనా, ఒక పూట నాకివ్వు" అన్నాను.

గాదె, పంట, తలుపు

చార్జింగు వ్యవస్థ అంటే భయపడేదేమీ లేదు. మన ఇంటి గాదెను తలుచుకోండి. బ్యాటరీ గాదె. గాదె పంట పండించదు, పండినదాన్ని దాచుతుంది, అంతే. పంట పండించేది డైనమో. కొత్త బండ్లలో ఆల్టర్నేటరు. ఇంజను తిరుగుతుంటే ఫ్యాన్ బెల్టు దాన్ని తిప్పుతుంది, కరెంటు పుడుతుంది. ఆ కరెంటు లైట్లకు, ఇగ్నిషనుకు పోగా మిగిలింది గాదెలోకి చేరుతుంది.

మధ్యలో ఒక చిన్న నల్ల డబ్బా ఉంటుంది. మెకానిక్కులు దాన్ని కట్‌అవుట్ అంటారు. నిజానికి దానిలో ఇద్దరు ఉంటారు. ఒకరు కట్‌అవుట్: గాదె తలుపు లాంటివాడు. పంట వస్తుంటే తలుపు తెరుస్తాడు, ఇంజను ఆగితే మూసేస్తాడు. లేకపోతే గాదెలోని గింజలన్నీ తిరిగి పొలంలోకి పారినట్టు బ్యాటరీ కరెంటు డైనమోలోకి పోతుంది. రెండోవాడు రెగ్యులేటరు: ఎంత పండాలో కొలిచే కాపలావాడు. వోల్టేజి ఎక్కువైతే తగ్గిస్తాడు.

గాదె ఖాళీ అయిందని కొత్త గాదె కట్టించేవారు ఎవరైనా ఉంటారా? పంట ఎందుకు రాలేదని చూస్తారు. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనమంతా ముందు బ్యాటరీ కొంటాం. కొత్త బ్యాటరీ నిండుగా వస్తుంది కాబట్టి కొన్నాళ్ళు బండి బాగానే నడుస్తుంది. రోగం తగ్గిందనుకుంటాం. తగ్గలేదు, దాగింది. సగం చార్జితో రోజుల తరబడి ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, అది కూడా చెడిపోతుంది. చిన్నాయన మూడు బ్యాటరీలు అలా పోయినవే. అవి రోగం కాదు, రోగం తిన్నవి.

మొదటి పరికరం: ప్రశ్న

మీటరు తీయకముందు నేను అడిగిన మొదటి మాట ఇది: "చిన్నాయనా, ఈ తంటా ఎప్పుడు మొదలైంది?"

"రెండేళ్ళయింది."

"దానికి ముందు బండికి ఏం చేయించినావు?"

ఆయన ఆలోచించి, "ఏమీ చేయించలేదు. చెల్లెమ్మ పెళ్ళికి పెయింటు వేయించినాను, అంతే" అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకూ తట్టలేదు. మనసులో ఒక మూల పెట్టుకున్నాను. చదువరులు కూడా పెట్టుకోండి. ఏ యంత్రమైనా సరే, చెడిపోయే ముందు దాన్ని ఎవరు తాకారు, ఎందుకు తాకారు అన్నది సగం వైద్యం.

రెండోది: కన్ను, చెయ్యి

బానెట్ ఎత్తి, ఇంజను ఆపి ఉండగానే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. పంచె అంచు, చీర కొంగు, తువ్వాలు బెల్టు దగ్గరికి రాకుండా చూసుకోండి. చేతికి ఉంగరం, గాజులు, వాచీ ఉంటే తీసేయండి. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. చార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, అది మండే వాయువు.

ఫ్యాన్ బెల్టు: రెండు పుల్లీల మధ్య ఉన్న పొడుగైన భాగాన్ని బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. అంతకన్నా దిగితే వదులు, జారుతుంది. అసలు దిగకపోతే మరీ బిగువు, డైనమో బేరింగు తినేస్తుంది. బెల్టు లోపలి అంచులు అద్దంలా మెరుస్తుంటే అది జారుతున్నదని గుర్తు. చిన్నాయన బెల్టు ముప్పావు అంగుళం దిగింది, మెరుస్తూ ఉంది. మార్చాము.

బ్యాటరీ టెర్మినల్సు: తెల్లగా, పచ్చగా పూసిన పొడి ఉంటే వేడినీళ్ళు పోసి కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. విప్పేటప్పుడు బాడీకి కలిసిన తీగ ముందు విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. చాలా పాత బండ్లలో బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసి ఉంటుంది. అలవాటు ప్రకారం మైనస్ అనుకోకుండా కళ్ళతో చూసి చేయండి.

బ్యాటరీ నీళ్ళు: ప్లేట్ల పైన కొంచెం మునిగేదాకా డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. బావినీళ్ళు, కొళాయినీళ్ళు పనికిరావు.

తరువాత మీటరు. ఇప్పుడు చిన్న డిజిటల్ మల్టీమీటరు ఎక్కడైనా దొరుకుతుంది. రాత్రంతా బండి కదలకుండా ఉన్న తరువాత 12 వోల్టుల బ్యాటరీ 12.6 వోల్టులకు పైన చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2 అయితే సగం. 12కు దిగితే దాదాపు ఖాళీ. చిన్నాయనది 11.9. పక్కింటివారి చార్జరు తెచ్చి ఒక రాత్రి చార్జి చేస్తే 12.5 నిలబడింది. నాలుగో బ్యాటరీ ఇంకా చావలేదు.

ఎర్రదీపం చెప్పే మాట

తాళం తిప్పగానే వెలిగే ఎర్రదీపాన్ని మనం "వెలిగితే చెడ్డది, ఆరితే మంచిది" అని మాత్రమే చదువుతాం. అది అంతకంటే ఎక్కువ చెబుతుంది. ఆ దీపానికి ఒక వైపు బ్యాటరీ, ఇంకొక వైపు డైనమో. రెండు వైపులా వోల్టేజి సమానమైతే ఆరుతుంది. తేడా ఉంటే వెలుగుతుంది. డైనమో తక్కువైనా తేడాయే, మరీ ఎక్కువైనా తేడాయే.

కాబట్టి దీన్ని ఇలా చదవండి. తాళం తిప్పినా వెలగకపోతే, బల్బు పోయింది లేదా తీగ ఊడింది. డైనమో బండిలో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు కొంచెం మిణుకుమంటే భయం లేదు, డైనమోకు ఆ వేగంలో బలం చాలదు. వేగం పెంచినా అదే వెలుగుతో ఉంటే పంట లేదు. వేగం పెంచిన కొద్దీ వెలుగు పెరిగితే ఏమిటి? పంట పుష్కలంగా ఉంది, తలుపు తెరుచుకోవడం లేదు!

చిన్నాయనను సీటులో కూర్చోబెట్టి మెల్లగా యాక్సిలరేటరు తొక్కమన్నాను. ఎర్రదీపం ముందు తగ్గి, ఆరినట్టే ఆరి, తరువాత మళ్ళీ వెలిగి, వేగంతోపాటు ఎరుపెక్కింది. "చూసినావా, డైనమో పోయిందని వాళ్ళు చెప్పింది దీన్ని చూసే" అన్నాడు. నాకు మాత్రం డైనమో పోలేదనిపించింది. అనిపిస్తే చాలదు, నిరూపించాలి.

డైనమోకు పరీక్ష

ఈ పరీక్ష డైనమో బండ్లకు మాత్రమే. ఆల్టర్నేటరు ఉన్న బండికి చేయకూడదు.

అంబాసిడరు 1958లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద మొదలైంది, ఉత్తరపారాలో 2014లో ఆగిపోయింది. ఆ ఇంగ్లీషు బండ్ల కరెంటు సరంజామా లూకస్ వారిది. మన దేశంలో ఆ సామాను చేయడానికి 1961లో లూకస్ టీవీఎస్ ఏర్పడింది, మద్రాసు శివారు పాడిలో ఫ్యాక్టరీ పెట్టారు. కాబట్టి లూకస్ డైనమోకు చెప్పే పరీక్ష మన పాత బండ్లు చాలావాటికి పనికివస్తుంది.

డైనమో వెనక రెండు టెర్మినల్సు ఉంటాయి. పెద్దది డి, చిన్నది ఎఫ్. రెండు తీగలనూ ఊడదీసి పక్కన పెట్టండి. డి, ఎఫ్ రెంటినీ ఒక చిన్న తీగతో కలపండి. మీటరు ఒక కొన ఆ తీగకు, ఇంకొకటి డైనమో ఒంటికి. ఇంజను స్టార్ట్ చేసి మెల్లగా వేగం పెంచండి. వోల్టేజి తడబడకుండా సాఫీగా పైకి పోవాలి. 20 వోల్టులు దాటనివ్వకండి, ఇంజనును ఉరికించకండి.

సాఫీగా పెరిగితే డైనమో ఆరోగ్యంగా ఉంది. ఏమీ చూపకపోతే కార్బన్ బ్రష్షులు అరిగి ఉంటాయి, లేదా ఇరుక్కుని ఉంటాయి. అర వోల్టు, ఒక వోల్టు దగ్గర ఆగిపోతే ఫీల్డు వైండింగు మీద అనుమానం. నాలుగైదు వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచరు మీద అనుమానం. బ్రష్షులు అరిగితే మార్చి, కమ్యుటేటరును పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. వెనక బేరింగు దగ్గర నూనె పోసే రంధ్రం ఉంటుంది. దానిలో రెండు మూడు చుక్కలే. ప్రేమ ఎక్కువై పోస్తే ఆ నూనె కమ్యుటేటరు మీదికి పోయి కొత్త రోగం తెస్తుంది.

చిన్నాయన డైనమో ఇంజను వేగం కొంచెం పెంచేసరికి 15, 16, 18 అంటూ చక్కగా పైకి పోయింది. "చిన్నాయనా, పొలం బాగుంది. పంట పండుతూనే ఉంది. గాదెకు చేరడం లేదు" అన్నాను.

నల్ల డబ్బా, పెళ్ళి పెయింటు

తీగలు మళ్ళీ ఎక్కడివి అక్కడ కలిపి, డబ్బా దగ్గరికి వచ్చాను. దానికి ఉన్న టెర్మినల్సులో ఒకటి ఇ. అంటే ఎర్త్. దానినుంచి ఒక పొట్టి నల్లతీగ బాడీకి ఒక స్క్రూతో బిగించి ఉంటుంది. కట్‌అవుట్ చుట్ట, రెగ్యులేటరు చుట్ట రెండూ పని చేయాలంటే ఆ తీగే దారి. ఆ దారి మూసుకుపోతే కాపలావాడికి వోల్టేజి ఎంతో తెలియదు, ఇంకా పండించమంటూనే ఉంటాడు. తలుపువాడికి పంట వచ్చిన సంగతి తెలియదు, తలుపు తెరవడు. బయట 20 వోల్టులు కుప్ప పడుతుంటే లోపల గాదె ఎండిపోతుంది. ఎర్రదీపం వేగంతో ఎరుపెక్కిన కారణం ఇదే.

ఇంజను నడుస్తుండగా మీటరు ఒక కొన ఇ టెర్మినల్ మీద, ఇంకొక కొన బ్యాటరీ బాడీకి కలిసిన టెర్మినల్ మీద పెట్టాను. అక్కడ దాదాపు సున్నా చూపాలి. ఆరు వోల్టులకు పైన చూపింది.

ఆ స్క్రూ విప్పి చూస్తే, దాని కింద మందంగా, నున్నగా, అందమైన క్రీము రంగు పెయింటు! పెళ్ళికి పెయింటు వేసిన కుర్రాడు శ్రద్ధగా డబ్బా విప్పి, లోపల కూడా రంగు కొట్టి, ఆరిన తరువాత పైన బిగించాడు. పెయింటు కరెంటును పోనివ్వదు. స్క్రూ మరల దగ్గర కొంచెం లోహం తగిలి కొన్నాళ్ళు ఏదో నడిపింది. వాన తడికి అక్కడ తుప్పు పట్టింది. అందుకే ఎండాకాలం కొంచెం మేలు, ఐప్పసి వచ్చిందంటే బ్యాటరీ చచ్చేది.

ఆ కుర్రాడి తప్పు అనలేను. ఆయన పని రంగు, అది బాగానే వేశాడు. బ్యాటరీ మార్చిన మెకానిక్కును కూడా అనలేను. బ్యాటరీ మార్చమని అడిగింది మనమే. అడిగినదే చేశాడు.

ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా గీకి, పళ్ళున్న వాషరు ఒకటి వేసి, బిగించి, పైన జెల్లీ పూశాను. ఇంజను స్టార్ట్ చేస్తే ఎర్రదీపం చక్కగా ఆరింది. బ్యాటరీ దగ్గర 13.2 చూపి, కొంతసేపటికి 14కు చేరువైంది. అక్కడ నిలబడింది. మామూలుగా వేగం మీద 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే క్షేమం. 15 దాటితే రెగ్యులేటరు మీద అనుమానపడండి, బ్యాటరీ నీళ్ళు ఉడికి ఆవిరవుతాయి.

చిన్నాయన చాలాసేపు ఆ స్క్రూ వైపు చూశాడు. "దీనికా మూడు బ్యాటరీలు!" అన్నాడు. "ఇంకొన్నాళ్ళు పోతే డైనమో కూడా నిజంగానే కాలిపోయేది. అప్పుడు వాళ్ళు చెప్పిందే నిజమయ్యేది" అన్నాను.

కట్‌అవుట్ కాంటాక్టులు నల్లబడి ఉంటే ఒక మాట. వాటిని సన్నని గాజుకాగితంతో మెల్లగా తుడవాలి. ఎమరీ కాగితం వాడకూడదు. లోపలి స్క్రూలు తిప్పి అడ్జస్టు చేయడం మాత్రం ఇంట్లో చేసే పని కాదు. అది తెలిసిన పెద్ద మెకానిక్కు పని.

రాబడి ఎంత, ఖర్చు ఎంత

పని అయిపోయిందని చిన్నమ్మ కాఫీ తెచ్చింది. కాని ఆ రాత్రి సంగతి నాకు ఇంకా పూర్తిగా సరిపడలేదు. హెడ్‌లైట్లు వేసి చూస్తే వోల్టేజి 12.3కు పడిపోయింది. ముందుకు పోయి చూస్తే పాత బల్బుల స్థానంలో 100 వాట్ల హాలోజన్లు! పెళ్ళికే వేయించారట.

చిన్న లెక్క చూడండి. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. పాత బల్బులు 45 వాట్లవి రెండు, అంటే 90 వాట్లు, ఏడున్నర ఆంపియర్లు. ఇగ్నిషనుకు మూడు నాలుగు, వైపరుకు రెండు మూడు, వెనక దీపాలు వగైరాకు రెండు. మొత్తం సుమారు 16. ఆ కాలపు లూకస్ సి40 డైనమో మంచి వేగంలో ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లు. ఖర్చు పోగా ఆరు మిగులుతుంది. ఇప్పుడు హాలోజన్లు వేయండి. 200 వాట్లు, వాటికే 16 దాటుతుంది. మొత్తం 25. డైనమో బాగున్నా రాత్రి వానలో ప్రతి నిముషమూ గాదెలోంచి తీసి తినవలసిందే. రాబడి 22, ఖర్చు 25 అయిన ఇల్లు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

హాలోజన్లు తీసి పాత రకం బల్బులు వేశాము. లైట్లు, వైపరు అన్నీ వేసి, వేగం మీద చూస్తే 13 పైనే నిలబడింది. మీ బండిలో కూడా తరువాత చేర్చినవన్నీ ఒక కాగితం మీద రాసి కూడండి: పాటల పెట్టె, ఫ్యాను, ఫోను చార్జరు, గట్టి హారను, పొగమంచు దీపాలు. కూడితే కారణం దానంతట అదే తెలుస్తుంది.

కోయంబత్తూరు సోదరికి

అమ్మా, ఇప్పుడు మీ బండి. మీది ఆల్టర్నేటరు కాబట్టి డి, ఎఫ్ పరీక్ష వద్దు. మిగతా వరస అంతా మీకూ వర్తిస్తుంది. ముందు ఎప్పుడు మొదలైంది, అంతకు ముందు ఎవరు ఏం చేశారు అని అడగండి. తరువాత బెల్టు, టెర్మినల్సు, ఎర్త్ తీగలు. తరువాత వేగం మీద బ్యాటరీ దగ్గర వోల్టేజి: 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటరు బాగుంది, ఎవరు చెప్పినా మార్చకండి. 13కు కూడా రాకపోతే ఆల్టర్నేటరు వెనక ఉన్న లావు తీగ దగ్గర చూడండి. అక్కడ 14 ఉండి బ్యాటరీ దగ్గర 12.5 ఉంటే దోషం ఆల్టర్నేటరుది కాదు, మధ్య తీగది. రెండు చోట్లా తక్కువే ఉంటే ముందు బ్రష్షులు, రెగ్యులేటరు చూపించండి. చాలాసార్లు అవి మారిస్తే చాలు, మొత్తం ఆల్టర్నేటరు కొననక్కర లేదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. చాలా ఆల్టర్నేటర్లు పని మొదలుపెట్టడానికి మొదటి కరెంటు ఆ ఎర్రదీపం ద్వారానే తీసుకుంటాయి. తాళం తిప్పినప్పుడు దీపం అసలు వెలగకపోతే, ఒక చిన్న బల్బు మార్చడంతోనే మీ పని ముగియవచ్చు.

చేయకూడనివి మూడు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీయకండి. "ఊడదీసినా ఇంజను నడిస్తే చార్జింగు ఉన్నట్టు" అనే పరీక్ష డైనమో రోజుల్లో అలవాటు, ఆల్టర్నేటరులోని డయోడ్లకు అది ప్రాణగండం. బ్యాటరీ ప్లస్, మైనస్ తారుమారు చేయకండి. బండికి వెల్డింగు చేయిస్తే ముందు బ్యాటరీ తీగలు, ఆల్టర్నేటరు తీగలు విప్పించండి.

అన్నీ సరిగా ఉండి కూడా రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే, గాదె కింద పందికొక్కు ఉన్నట్టు. ఇంజను ఆపి, తాళం తీసి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ ఎర్త్ తీగ విప్పండి. ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య చిన్న 12 వోల్టుల బల్బు కలపండి. బల్బు వెలిగితే ఏదో కరెంటు తింటున్నది. ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ పోండి. ఏది తీస్తే బల్బు ఆరుతుందో దొంగ ఆ దారిలో ఉన్నాడు. డిక్కీ దీపం, సీటు కింద బిగించిన పాటల పెట్టె మామూలుగా దొరికే దొంగలు.

మీది జి.డి.నాయుడు గారి ఊరు. 1920లో ఒక్క బస్సుతో పొళ్ళాచ్చి, పళని మధ్య మొదలుపెట్టి అంత పెద్ద రవాణా సంస్థ కట్టిన ఆ మన తెలుగువాడు, మోటారు సైకిలును విప్పి చూసి యంత్రాలను నేర్చుకున్నాడని చెబుతారు. మనం ఆయనంతటివాళ్ళం కానక్కర లేదు. విప్పి చూసే ముందు కొనకుండా ఉంటే చాలు. మీ వారిని ఒక ఆదివారం పొద్దున పిలిచి, పిల్లల్ని కూడా నిలబెట్టి, మీటరు వారి చేతికే ఇవ్వండి. మామగారి బండి ఉంచాలా, ఇవ్వాలా అన్నది ఆ తరువాత తేల్చుకోండి. పోవలసినదైతే దాని కాలం తీరి పోవాలి. ఒక స్క్రూ కింద పెయింటు ఉన్నందుకు పోకూడదు.

ఇక మా చిన్నాయన బండి సంగతి. శుక్రవారం లారీ వచ్చింది. కాఫీ తాగి ఖాళీగా పోయింది. నేను వేసిన లెక్కలో ఖర్చు ఇంతే: ఒక బెల్టు, రెండు బల్బులు, ఒక వాషరు, చారెడు ఉప్పుకాగితం. ఆ వారమే చిన్నాయన కోవిల్‌పట్టి పోయి కోడలినీ మనవరాలినీ ఆ బండిలోనే ఇంటికి తెచ్చాడు. చిన్నమ్మ కూడా పోయింది, కాని ఒక షరతు పెట్టి. ఆ షరతు ఇప్పటికీ నడుస్తున్నది. బండి స్టార్ట్ అయిన ప్రతిసారీ ఆమె తలుపు దగ్గర నిలబడి ముందు అడుగుతుంది:

"ఎర్రదీపం ఆరిందా?"

ఆరింది అంటేనే ఎక్కుతుంది. మీరూ అలాగే అడగండి.

వచ్చే సంచికలో బావి మోటారు గురించి మాట్లాడుకుందాం. మీ బండ్ల సంగతులు రాసేటప్పుడు ఏ సంవత్సరం మోడలో, డైనమోనో ఆల్టర్నేటరో, తంటా ఎప్పుడు మొదలైందో తప్పక రాయండి. సెలవు.